గుర్తుచేసే ఉత్తరం

ఏడేళ్లు వంటింటి బల్లే నా ఆఫీసు.
బీట్‌రూట్ మరక పక్కన లాప్‌టాప్,
కిటికీలో నెమునాస్ నది,
ఒళ్లో పిల్లి.

పళ్ల డాక్టరు వెబ్‌సైటుకి
సగం డబ్బిచ్చి, మిగతా సగానికి
తేనె సీసా పంపాడు.
చలికాలమంతా ఆ బాకీని
రొట్టెకి రాసుకు తిన్నాను.

ఇప్పుడు ఏడూ నలభైకి ట్రాలీబస్సు.
సంతలో తప్పిపోతుందని పిల్లకి కట్టినట్టు
మెడలో నా పేరు: వైవా.
ఇక్కడి కుర్చీ నా నడుము మాట వింటుంది.
నీలం ఎంత నీలంగా ఉండాలో
ఆరుగురు కూర్చుని తేలుస్తారు.
చివరికి నేను గీసిన బటన్‌లో
నా చెయ్యి ఎక్కడుందో నాకే తెలీదు.

మొన్న మధ్యాహ్నం రెండింటికి
మొదటి మంచు.
లేచి, కిటికీ దాకా వెళ్లబోయి,
ఎవరినడగాలో తెలీక
మళ్లీ కూర్చున్నాను.

నెలాఖరు. అలవాటుకొద్దీ
"మీకు వీలు చూసుకుని, ఒక్కసారి
గుర్తుచేద్దామని..." అంటూ
ఉత్తరం మొదలుపెట్టేశాను.
ఫోను గునిసింది. జీతం పడింది.
అడక్కుండానే!

ఆ వాక్యం చెరపబుద్ధి కాలేదు.
ఏడేళ్లు నాకు కూడు పెట్టింది.
అలాగే సగంలో దాచి
ఇంటికెళ్తే,
నా కుర్చీలో పిల్లి.
లేవలేదు.