బేరం లేని బేరిపళ్ళు

షెపార్టన్‌లో ఫిబ్రవరి.
కోల్డ్ స్టోరేజీ వాకిట్లో లారీల వరస.
నా పని చిన్నది:
పెట్టెకో పండు తీసి, చెక్కు గీకి,
సూది గుచ్చి గట్టితనం చూడటం.
ఏడు కిలోలు. ఏడున్నర. బాగుంది. రాయి.

లుల్యెతా బెరీషా తోట పళ్ళు
ఎప్పుడూ బాగుండేవి.

నది అవతల కొత్తగా సహకార సంఘం తెరిచారు.
ఆమె అక్కడ నలభై పెట్టెలు అమ్మింది.
నలభయ్యే.
మర్నాడు మేనేజరు నా బల్ల మీద చీటీ పెట్టాడు,
మూడు తోటల పేర్లు, ఎదురుగా ఒకే మాట:
'రంగు చాలదు.'
పండింకా నా చేతికే రాలేదు.

రాశాను.

ముప్పై తొమ్మిది డిగ్రీల ఎండలో లారీ వెనక్కి తిరిగింది.
ఎక్కడికి?
ఊళ్ళో ఉన్న మరో రెండు గోదాములూ
మేమే కొని తాళాలు వేశాం.
మేమే అంటున్నాను చూడండి,
జీతం ఇంకా నోట్లోంచి పోలేదు.

కొసరంటే నాకు తెలిసింది
తూకమయ్యాక అమ్మేవాడు విదిల్చే గుప్పెడు.
ఇక్కడ కొనేవాడు గుంజుతాడు:
పెట్టె కిరాయికింత, అరలో చోటుకింత,
కుళ్ళబోయేవాటికి ముందుగానే ఇంత.
బేరమంటే రెండు నోళ్ళుండాలి.
ఇక్కడ నోరొకటే, తక్కినవన్నీ సంతకాలు.

మెల్‌బోర్న్ కోర్టులో లాయరు చాలా మర్యాదస్తుడు.
"పెద్దగా ఎదగడం నేరం కాదు కదండీ?"
కాదు. చట్టమూ అదే అంటుంది.
"అసలు మార్కెట్టంటే మీ దృష్టిలో ఏమిటి?"
దాని మీద అర్థశాస్త్ర పండితులు
మూడు వందల పేజీలు రాసి తెచ్చారు.
నా దగ్గరున్నది గళ్ళ నోటుబుక్కు.
చీటీ చెప్పింది ఎడమవైపు,
రాత్రి షిఫ్టులో, వెనక్కి పంపిన పెట్టెలోంచి
దాచుకున్న పండుకి సూది చెప్పింది కుడివైపు.
మార్చి మూడు. బెరీషా. ఏడు పాయింట్ రెండు.
రంగు లేతాకుపచ్చ, ఉండాల్సినట్టే.

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

ఆ ఊళ్ళో నాకు ఇంకో పని ఎవరిస్తారండీ?

టైపు చేసే అమ్మాయి వేళ్ళు కాసేపు ఆగాయి.
అది మార్కెట్టు గురించిన జవాబు కింద రాయాలో
నా పిరికితనం కింద రాయాలో ఆమెకు తెలియలేదు.
నాకూ తెలియదు.

లుల్యెతా వెనక బెంచీలో ఉంది.
చెట్లు కిందటి జూన్‌లో పీకించేసిందట.
విరామంలో టీ బల్ల మీద, బుట్టలో
మా స్టిక్కరున్న బేరిపళ్ళు.
ఒకటి తీసి, తొడిమ దగ్గర బొటనవేలితో నొక్కి,
మొదటిసారి నావైపు చూసి,
"మగ్గిపోయింది" అంది.
తిరిగి బుట్టలో పెట్టేసింది.