అడగందే

మంగళవారం పొద్దున్న ఆరుంబావుకి
జిలాంగ్ మునిసిపల్ ఈతకొలను గట్టు మీద
నా స్పీకర్ చచ్చిపోయింది.
ఆ మాటే అన్నాను పైకి.
ఛాతీలోతు నీళ్లలో నించున్న మెర్ల్, ఎనభై ఒకటో ఏడు,
ఇక్కడ ఆ మాట కాస్త చూసి వాడమ్మా అంది.

పాట లేకుండానే నడిపాను క్లాసు.
నేను ఒకటీ రెండూ అని అరుస్తుంటే
పదకొండుమంది ఆడవాళ్లూ, ఒకే ఒక్క స్టావ్రోసూ
ఎవరి లెక్కలో వాళ్లు మోకాళ్లెత్తారు.
క్లోరిన్ వాసనలో నా గొంతు
పైకప్పుకి కొట్టుకుని నాకే తిరిగొచ్చింది.

ఇంటికొచ్చి వైర్ల సొరుగు లాగాను.
లాప్‌టాప్ చార్జరు, అరవై ఐదు వాట్లది, ఖరీదైంది,
రెండు కొసలా ఒకటే మూతి.
ఎటు తిప్పి గుచ్చినా టిక్కుమని కుదురుకుంటుంది.
దీపం మాత్రం వెలగదు.
ఫోనుది పెట్టాను. ఉలకదు.
పిల్లాడి గేముమిషనుది, వాడు నిద్రపోయాక. పలకదు.
పక్కింటి థుయ్ అప్పుడే అట్టపెట్టె చించి
తన కొత్తది తెచ్చిచ్చింది, చెప్పులు కూడా వేసుకోకుండా.
పళ్లపుల్లతో స్పీకర్ బొక్కలోంచి చిటికెడు దుమ్ము తవ్వాం.
అన్నీ సరిపోతున్నాయి.
ఏదీ సరిపడటం లేదు.

శనివారం, మూరబూల్ వీధి, పాతసామాన్ల దుకాణం వెనకగది.
కెల్విన్, ఒకప్పుడు రేడియోలు బాగుచేసేవాడట,
రెండు చెవులకీ మిషన్లు.
నా మాట సగమే విని మొత్తం అర్థం చేసుకున్నాడు.
కొత్త చార్జరు ముందు అడుగుతుందన్నాడు,
ఎవరు నువ్వు, ఉన్నావా అసలు, అని.
జవాబివ్వడానికి నీ డబ్బాలో రెండు రెసిస్టర్లుండాలి,
నువ్వుగింజంతవి.
నాలుగు సెంట్లు మిగుల్తాయని ఎవరో మానేశారు.
అది అడుగుతుంది, ఇది చెప్పదు.
ఇది చెప్పందే అది ఇవ్వదు.
రాత్రంతా అలా మొహాలు చూసుకుంటూ కూచుంటాయి.

అడగందే అమ్మైనా పెట్టదు అనే ముక్కని
ఆయనకి ఇంగ్లీషులో చెప్పబోయి మధ్యలో మానేశాను.
ఈత నేర్పడం వచ్చని నోరు తెరిచి చెప్పక
రెండేళ్లు ఆ కొలనులోనే తువ్వాళ్లు మడతపెట్టిన దాన్ని.
అడిగారు కూడా ఒకసారి.
అప్పుడు తలొంచుకుని, మూలలు సరిచేస్తూ,
ఫరవాలేదండీ అన్నాను.

డాలరుకొకటి అని రాసిన బుట్టలో చెయ్యిపెట్టి
కెల్విన్ ఓ పసుపెక్కిన చార్జరు లాగాడు.
పాతకాలపు పలక మూతి,
వీపు మీద గోళ్లరంగుతో ఎవరిదో పేరు, సగం చెరిగి.
ఇది ఏమీ అడగదు, అన్నాడు,
ఐదు వోల్టులు. ఆ చివర ఎవరుంటే వాళ్లకి.
తీగకి ఓ కొస వెడల్పు, ఓ కొస సన్నం.
గుచ్చాడు.

నారింజరంగు చుక్క.
ఇద్దరం కాసేపు దాన్నే చూశాం, పొయ్యి మీద పాలలాగా.

ఇరవై నిమిషాలకి పాట పెట్టాను.
ఆయన చెవిమిషన్లు తీసి బల్లమీద పెట్టి
స్పీకర్ జాలీ మీద అరచెయ్యి ఆనించాడు.
ఏం పాటో ఆయన అడగలేదు,
నేను చెప్పలేదు.
చాలాసేపటికి, కింది స్వరాలు బావున్నాయి, అన్నాడు, గట్టిగా.

ఈ మంగళవారం స్పీకర్ మోగింది.
మెర్ల్ రాలేదు.
నీళ్లలో ఆవిడ నించునే చోటు వదిలేసి మిగతావాళ్లు సర్దుకున్నారు.
రెండోపాట మధ్యలో సౌండు తగ్గించి
గట్టు మీద మోకాళ్లేసి నంబరు వెతికాను.
తడివేలిని ఫోను గుర్తుపట్టలేదు.
తువ్వాలుకి తుడుచుకుని
మళ్లీ నొక్కాను.