ఇరవై అడుగులు వెనక్కి

బండల ఫ్యాక్టరీలో మూడేళ్లు నీళ్లు పోసినా,
మిషను రాయిని కోస్తావుంటే.
తాడిపత్రిలో మా వీధిలో ఎవరినడిగినా
బూడిద రంగులు ఎన్నో చెప్తారు:
తడి బండది, పొడి బండది,
మడ్డి ఎండి పెచ్చు లేచినది,
షిఫ్ట్ దిగిన మనిషి చెవి వెనకది.
వన్నూరప్ప స్టూడియోలో కంప్యూటరు మీద
రంగుల పలక తెరిచినప్పుడు
ముందు నేను వెతికింది వాటినే.
ఒక్కదానికీ పేరు లేదు. అన్నీ నంబర్లే.

మొదటి వారం మౌసును మాలిమి చేసుకునేదానికే సరిపాయ.
రెండో వారం పనిముట్లు.
"ఇది లాసో, పాపా. దూడ మెడకు పలుపేసినట్ల
మనిషి చుట్టూ తిప్పుకోని రా,
మొదలుపెట్టిన చోటే ముడెయ్యాల."
నేనేసిన పలుపులో
పెండ్లికొడుకు చెవి ఒకటి బయటే ఉండిపాయ.
మ్యాజిక్ వాండ్ నొక్కితే
నీలం తెరతో పాటు నీలం చొక్కా గూడా మాయం,
తల ఒకటే గాలిలో నవ్వుతా ఉండె.
వన్నూరప్ప తిట్టలేదు.
టీ గ్లాసు కింద పెట్టి "కంట్రోలు జెడ్డు" అన్నాడు, అంతే.
చొక్కా వచ్చింది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు.
చేసింది చెయ్యనట్ల అయ్యే మీట ఒకటుందని
ఇన్నేళ్లు ఎవరూ చెప్పలేదే.
మిషను కింద పోయిన
మా చిన్నాయన బొటనవేలు గుర్తొచ్చింది.

లేయర్లు మాత్రం తొందరగా వచ్చినాయి.
అద్దాలు ఒకదాని మీదొకటి పేర్చినట్ల, అన్నాడాయన.
కాదులే, లారీకెత్తిన బండలే, అనుకున్నా.
పక్కన కన్ను బొమ్మ. నొక్కితే మూసుకుంటుంది.
పొర ఉంటుంది. కనపడదు.

మూడో వారం ఎర్రిస్వామి మామ వచ్చినాడు,
షిఫ్ట్ దిగి నేరుగా, లేబరు కార్డుకు ఫోటో అని.
కనుబొమ్మల మీద రాతిపిండి,
మీసంలో, ముక్కు పక్క మడతల్లో.
వన్నూరప్ప గుత్తికి పెండ్లి తీయను పోయినాడు.
"మొగం కడుక్కో మామా, బయట కొళాయుంది."
"ఈపొద్దు నీళ్లు రాలేదు. నువ్వే తుడుచు దాంట్లో."

తుడిచినా.
మచ్చలు మాన్పే పట్టీ ఉంది కదా,
చుక్కకొక నొక్కు.
నొక్కే కొద్దీ నల్లగా తేరుకున్నాడు మామ,
పదేళ్లు దిగినాడు.
ఊరికే ఉన్నానా, వెనక గోడకు నీలం పూసినా,
చెదిరిన జుట్టు సర్దినా, సేవ్ కొట్టి
స్క్రీను ఆయన పక్కకు తిప్పినా.

చానాసేపు సూసినాడు.
"బాగుండాడు. ఎవరీయన?"
నేను నవ్వినా. ఆయన నవ్వలేదు.
"ఆఫీసులో కార్డును సూసి, నన్ను సూసి,
నువ్వు కాదు పో అంటారు పాపా.
పోయినసారి వేలిముద్ర పడలేదు, రాయి తినేసింది.
మొగం గూడా పడకపోతే యాడికి పోవాల?"

కంట్రోలు జెడ్డు. మళ్లీ. మళ్లీ.
హిస్టరీ అని ఒక పలకుంది,
చేసిన పనంతా వరసగా రాసిపెడుతుంది.
ఇరవై అడుగులే.
ఇరవై ఒకటోది వచ్చిందంటే
మొదటిది మాటామంతీ లేకుండా జారిపోతుంది.
జుట్టు చెదిరింది, నీలం పోయి గోడ వచ్చింది,
మొగం మాత్రం కడిగింది కడిగినట్లే ఉంది.
మళ్లీ తీద్దామంటే కెమెరా బ్యాటరీ కన్ను మూసె.

స్టాంపు మిగిలింది.
దానికి ముందు ఒక చోటు చూపించాల,
ఆల్ట్ పట్టుకోని, ఈడి నుంచి తీసుకో అని.
చూపించకపోతే పని చెయ్యదు, గంట కొడుతుంది.
యాడి నుంచి?
మొగమంతా వెతికినా. ఒక్క రవ్వ లేదు.
అప్పుడు కనపడింది కాలరు.
బట్టలదేముందిలే అని నేనొదిలేసిన మడత,
దాన్నిండా పొద్దుటి నుంచి పడిన పిండి.

అక్కడ ఆల్ట్. ఎడమ కనుబొమ్మ మీద ఒక నొక్కు.
"ఇంకొంచెం," అంటాడు మామ, కుర్చీ ముందుకు జరుపుకోని.
"చెవి కాడ. ఆ. చాలు చాలు,
ముసలోన్ని చేసేట్టుండావు."

ఎనిమిది కాపీలు, నలభై రూపాయలు.
ప్రింటు ఇంకా వెచ్చగా ఉండంగానే
అలవాటు కొద్దీ బొటనవేలితో
ఫోటో మీద పిండి తుడవబోయినాడు.