రాళ్లు దించిన చోటు

మా ద్వీపంలో గోడలకి గేట్లుండవు.
సున్నం లేదు, మట్టి లేదు,
రాయి మీద రాయి, అంతే.
ఆవుని అవతలి చేలోకి తోలాలంటే
నాన్న నాలుగు రాళ్లు కిందికి దించేవాడు.
ఆవు దాటాక
చలికి వేళ్లు ఊదుకుంటూ మళ్లీ పేర్చేవాడు.
ఆలస్యమైతే పక్కవాళ్ల గొర్రెలు చొరబడేవి.

ఇప్పుడు గాల్వేలో, మూడో అంతస్తులో,
కిటికీకి అడ్డంగా కొట్టే వానలో
నా ఉద్యోగమూ అదే.
గోడ తెరిచి ఉన్నప్పుడే తోలడం.

మెదడులో ప్రతి నెత్తుటి దారికీ ఓ గోడ ఉంటుంది.
మందుని కూడా దొంగ అనే అనుకుంటుంది.
తలకి దెబ్బ తగిలితే మాత్రం
రాళ్లు జారతాయి. కొన్ని గంటలు.
పోనీ, ఓ రోజు.
రాకూడనివన్నీ లోపలికొస్తాయి, వాపు వెంట వాపు.
ఆ సందులోంచే మనమూ వెళ్దాం అంది
మా ప్రొఫెసర్ గ్రాన్యా.

కొవ్వు బుడగలు చేస్తాం.
వెంట్రుక మందంలో వెయ్యోవంతు, కాస్త అటూ ఇటూ.
కడుపులో మందు, ఒంటికి జారుడు పూత.
తోక నరంలోంచి బయల్దేరతాయి.
చాలావరకు కాలేయం దగ్గరే దిగిపోతాయి,
టికెట్ చివరిదాకా కొన్నా
నిద్రమత్తులో ముందు స్టేషన్లో దిగేసినట్టు.
నూటికి ఒకటో, అదీ లేదో, చేరుతుంది.
ఆ ఒక్కదానికే నా జీతం.

నలభై ఏడో ఎలుక.
దాని నెత్తిన పిస్టన్ కొట్టించింది నేనే.
మత్తులో ఉంది, నొప్పి తెలియలేదు
అని ఫారంలో రాశాను.
నా చేతికి మాత్రం ఎవరూ మత్తివ్వలేదు.
గురువారం దాన్ని పాలలా తెల్లటి నీళ్లలో వదిలాను.
తిరిగింది, అంచులు తడిమింది, మళ్లీ తిరిగింది.
నీళ్ల కింద దాచిన మెట్టు
ఎక్కడుందో గుర్తొచ్చినట్టుంది,
తిన్నగా వెళ్లి ఎక్కి, మీసాలు తుడుచుకుంది.
ఇరవై రెండు సెకన్లు.

ఒక్క ఎలుకతో పండగ చేసుకోకు, అంది గ్రాన్యా.
సాయంత్రం తనే కేకు తెచ్చింది.

శనివారం ఫెర్రీ ఎక్కి ఇంటికెళ్లాను.
తమ్ముడు కోల్మన్
రేవులో నాచు మీద జారి
పడవ కట్టే ఇనుప గూటానికి తల కొట్టుకుని
మూడు చలికాలాలు.
ఆ రాత్రి పొగమంచు. హెలికాప్టర్ చప్పుడు వినపడింది,
మంచులోనే తిరిగి వెనక్కి పోయింది.
తెల్లారాక పడవలో తీసుకెళ్లారు.
వాడి గోడ ఎప్పుడు తెరుచుకుందో,
ఏ గంటకి మూసుకుందో
నేను లెక్కేయగలను.
వేయను.

ఉప్పుని "అదే, సముద్రం పొడి" అంటాడు.
అమ్మ ఏమీ అనకుండా అందిస్తుంది.
నీ ఎలుకలెలా ఉన్నాయక్కా అని అడుగుతాడు,
ప్రతిసారీ మొదటిసారిలా.
ఒకటి మెట్టెక్కింది రా, అన్నాను.
"దానికి దారి ఎవరు చెప్పారు?"

నేను నోరు తెరిచేలోపే
బూట్లు తొడుక్కుని చేలోకి నడిచాడు.
గాలివానకి పడిన గోడ, సగం లేపాడు.
రాళ్ల మధ్య సందులు కావాలనే వదిలాడు.
గాలిని పోనివ్వకపోతే గోడ నిలవదట.
ఇది మాత్రం మర్చిపోలేదు.

ఓ రాయి నా చేతుల్లో పెట్టి
ఎక్కడ పెట్టాలో చెప్పకుండా నిలబడ్డాడు.
తడిగా ఉంది. అనుకున్నదానికంటే బరువు.
ఇటు తిప్పి చూశాను, అటు తిప్పి చూశాను.
ఆవు ఇంకా అవతలే ఉంది.