బదులు

సెల్ఫ్ కొడితే తిరుగుతది.
గిర్ర గిర్ర గిర్ర.
అందుకోదు.

ఎనుమాముల యార్డు, రెండో గేటు.
మిర్చి బస్తాల ట్రాలీలు ముందు పదకొండు,
ఎనక ఎన్నో లెక్క లేదు,
నడుమ నా ఓమ్ని.
లోపల నలభై మంది హమాలీల అన్నం.
టమాట పప్పు సల్లారుతాంది.

మళ్ల కొట్టిన.
గిర్ర గిర్ర.
బడికి లేపితే పిల్లగాడు
"ఆఁ, లేస్తాన" అన్నట్టు
అంటది, లేవదు.

సలహాలకు కొదువ లేదు.
బ్యాటరీ అని ఒకడు.
నూకుదామని నలుగురు.
కమీషన్ దుకాణం గుమస్తా కిటికీల నుంచే
"నిమ్మకాయ తొక్కించినవా అక్కా?" అన్నడు.
ఎనకున్న ట్రాక్టరాయన ఏమీ అనలే,
హారన్ మీదికెల్లి చెయ్యి తియ్యలే.

అంకూస్ వచ్చిండు, లూనా మీద,
పానాల సంచి మెడకేసుకొని,
తిన్న చెయ్యి లాగుకు తుడుసుకుంట.
బ్యాటరీ అన్నోని దిక్కు సూసిండు.
"తిరుగుతున్నదాన్ని తిడుతవేందిరా?
తిప్పే పని అయితాంది.
మండే పనే అయితలేదు."

ప్లగ్గు ఇప్పిండు.
బాడీకి ఆనిచ్చి "కొట్టు" అన్నడు.
చిటుక్కుమన్నది, నీలంగ, జొన్నగింజంత.
ముక్కు కాడికి తెచ్చుకున్నడు
ఉప్పుచేప బేరం చేసేటప్పుడు మా అవ్వ లెక్క.
పొడి.
వాసన లేదు.
"నిప్పు పెట్టేటోడు డ్యూటీలనే ఉన్నడు,
నూనె పోసేటోడే రాలే."

అప్పుడు చెప్పిండు:
తాళం తిప్పు. సెల్ఫ్ దాంక పోకు.
ట్యాంకుల పంపు
రెండు సెకన్లు గుయ్యిమనాలె.
దాన్ని ఇనాలె.

ఎట్ల ఇనాలె?
రాగం తీసి రేటు చెప్పే ఖరీదుదార్లు,
కాంటాలు, కొక్కేలు, లారీలు,
ట్రాక్టరాయన హారన్.

అంకూస్ ముందు ట్రాలీ ఎక్కిండు.
చెయ్యెత్తిండు.
"అన్నలారా, మీ అన్నమే ఇండ్ల ఉన్నది.
రెండు సెకన్లు సప్పుడు జేయకుండ్రి."

అన్నం మాట ఇంటే
యార్డు ఆగింది.
కొక్కెం ఎత్తినోడు ఎత్తినట్టే.
తాళం తిప్పిన.

హాఛ్!

ఘాటుకు ఎవలో తుమ్మిండ్రు.
ఎంబడే ఇంకొకలు.
తుమ్ములు వరుసకట్టినయి, ట్రాలీల లెక్కనే.

మళ్ల.
ఈసారి తువ్వాలలు ముక్కులకు అడ్డం.
ఒకటి.
రెండు.

తొమ్మిదేండ్ల సంది వస్తాన ఈ యార్డుకు.
రేకుల మీద పావురం నడిచే సప్పుడు
అప్పుడే ఇన్న.
పంపు సప్పుడు ఒక్కటే లేదు.

"దొరికింది" అన్నడు అంకూస్.
లేని సప్పుడు దొరుకుడేందో
నాకు సమజ్ కాలే.

డాష్‌బోర్డు కింద ఎల్లెలుకల పడుకొని
అగ్గిపెట్టెల సగమంత నల్ల డబ్బీ పీకిండు.
రిలే అట.
కాళ్లు మాడినయి.
దాని పక్కపొంటి అసొంటిదే ఇంకోటి, హారన్‌ది.
దాన్ని పీకి దీని జాగల గుచ్చిండు.
"హారన్ కాడ బదులు తీస్కున్న.
రేపు హన్మకొండల కొత్తది కొని
బదులు తీర్పు."

తాళం తిప్పితే
సన్నగ, పక్కింట్ల కుట్టుమిషన్ లెక్క
గుయ్యి.
సెల్ఫ్ కొట్టిన.
గిర్ర—
అందుకున్నది.

పైసలియ్యవోతే తీసుకోలే.
గిన్నె మూత ఎత్తి పప్పు దిక్కు సూసిండు.

కోల్డ్ స్టోరేజీ ఎనక షెడ్డు కాడ ఆపి
అలవాటుకు హారన్ నొక్కిన.
ఉలుకు లేదు.
రోజు మూడుసార్లు నొక్కితే
నలభై మంది వచ్చేది.
ఇయ్యాల నోరే దిక్కు.

ఓదెలన్నా! ఐలోనీ! కట్టయ్యా!
కొమురక్కా!
పన్నెండో పేరు కాడ ఆగిన.
ఎర్ర తలగుడ్డ,
ఎడమ చేతికి మూడే వేళ్లు,
పెరుగు ముందు, పప్పు తర్వాత.
అన్నీ ఎరుకనే.
పేరు?

"ఓ పెద్దమనిషీ" అన్న.
ఆరుగురు తిరిగి సూసిండ్రు.

ఆయనే వచ్చిండు పళ్లెం పట్టుకొని.
"ఏందక్కా మొత్తుకుంటానవు,
బండి గొంతు పోయిందా?"
"పోలే. బదులిచ్చింది."

పెరుగు పోసుకుంట అడిగిన, నీ పేరేందని.
చెప్పిండు.
మళ్లొకసారి చెప్పించుకున్న.
మొదటిది నా తుమ్ములనే పోయింది.