ఉయ్యాల అద్దెకి

కంచరపాలెం మెట్టు దగ్గర మా సప్లయర్స్ షాపు.
రేకుల షెడ్డులో మూడొందల ప్లాస్టిక్ కుర్చీలు,
ఆరు షామియానాలు, నాలుగు గుండిగలు,
వెనక గోడకి ఆనించి ఒక ఐసు పెట్టె,
దాని పక్కనే, దుప్పటి కప్పుకుని, ఒక ఉయ్యాల.

రెండిటికీ ఒకటే పుస్తకం.
ఎడమ పేజీ ఉయ్యాలది, కుడి పేజీ పెట్టెది.
మా ఆయన గవిరినాయుడు పెట్టిన పద్ధతి.
ఉయ్యాల కోసం ఫోను పగలు వస్తుంది,
నవ్వుతూ, బేరమాడుతూ.
పెట్టె కోసం రాత్రి వస్తుంది.
దానికి ఎవరూ బేరమాడరు.

పెళ్లికి కుర్చీలు వెళ్లిన ఇంటికి
ఏడాది అటూఇటూగా ఉయ్యాల వెళ్లేది.
అడ్రసు మళ్లీ అడిగే పని లేదు.
మర్రిపాలెం, ఊర్వశి జంక్షను, జ్ఞానాపురం,
మా ట్రాలీ ఆటోకి గుమ్మాలు కంఠతా వచ్చు.

అంతకుముందూ తగ్గుతూనే ఉంది, అబద్ధం చెప్పను.
మా అత్తకి తొమ్మిది కాన్పులు, నాకు రెండు,
నా కూతురు ఒక్కడితో సరి అంది.
కాలవ సన్నబడుతోందనుకున్నాం.
ఆ ఏడు ఎవరో తూము మూసేశారు.

పెళ్లికి ఇరవై మందే అన్నారు.
ఇరవై కుర్చీలే వెళ్లాయి, అవీ దూరందూరంగా,
ఒకదానికొకటి మాటల్లేనట్టు.
పెట్టె మాత్రం షెడ్డు కదల్లేదు.
శవాన్ని ఇంటికి తేనిస్తే గదా పెట్టె!
కేజీహెచ్ నుంచి నేరుగా జ్ఞానాపురం,
మధ్యలో ఎవరి వీధీ లేదు.
అంతమంది పోయిన ఏడు
నా కుడి పేజీ తెల్లగా ఉంది.
ఎడమదీ తెల్లగానే ఉంది,
కానీ నేనటు చూడలేదు.
పోయినవాళ్లని లెక్కపెట్టుకునే హడావుడిలో
రానివాళ్లని ఎవరు చూస్తారు?

పెట్టె మళ్లీ తిరగడం మొదలెట్టింది.
కుర్చీలూ తిరిగాయి.
ఉయ్యాలే, దుప్పటి తియ్యలేదు.

మొన్న మాఘంలో, రాత్రి పదకొండింటికి
ఫోను కాదు, మనిషే వచ్చింది.
ఆ ఇరవై కుర్చీల పెళ్లికూతురు, హేమసుధ.
అత్తగారికి పెట్టె కావాలి.
కుర్రాళ్లు ఆటోకి ఎక్కిస్తుంటే
దుప్పటి అంచు ఎత్తి చూసింది.
"ఇది ఇంకా ఉందేటి పిన్నీ?"
ఉందన్నాను.
అడక్కుండానే చెప్పింది:
"ఆ ఏడు అమ్మ పోయింది. ఈయన్ని కంపెనీలోంచి తీసేసారు.
ఆస్పత్రికెళ్తే ఏం తగులుకుంటాదోనని బయ్యం.
వచ్చే ఏడు సూద్దాం అనుకున్నాం.
వచ్చే ఏడు అప్పులు.
ఆ పై ఏడు డాట్రమ్మ ఏవో మాత్రలు రాసింది.
మరింక అలవాటైపోనాది పిన్నీ,
రెండు కంచాలే కడుక్కోడం."
ఏడవలేదు.
అడ్వాన్సు ఇచ్చి, రసీదు మడుచుకుని వెళ్లింది.

నేనేం చదువుకున్నదాన్ని కాదు.
కిందికి వాలిన జనాభా గీత నేను చూసింది
పెసరట్టు కట్టిచ్చిన కాగితం మీద, నూనె మరకలో.
మైకుల్లో పెద్దమనుషులు పిల్లల్ని కనండంటున్నారు,
షామియానా వేయించమన్నంత తేలిగ్గా.
మా వీధి బళ్లో ఒకటో తరగతికి
తొమ్మిదిమందే చేరారని ఆయా పోలమ్మ చెప్పింది.
జ్వరం దిగాక కూడా కొందరికి
నోటికి రుచి తిరిగి రాలేదు, గుర్తుందా?
ఊరికీ అలాంటిదేదో అయ్యుంటుంది.

ఉయ్యాల ఏటికొప్పాక లక్కరంగులది.
నాలుగు చిలకలు.
మూడో చిలక ముక్కు మీద పాలపళ్ల గాట్లు.
మల్కాపురంలో ఒక బారసాల బిడ్డ అన్న
తనని ఎక్కించలేదని కొరికేశాడు.
నేను పోట్లాడి నూటయాభై పట్టుకున్నాను.
ఇప్పుడు దుమ్ము దులిపినప్పుడల్లా
బొటనవేలు అక్కడికే పోతుంది.
ఆ డబ్బు తిరిగిచ్చెయ్యాలనుంది.
ఎడమ పేజీలో పేరుంది, నంబరుంది.
చేస్తే పగలే చెయ్యాలి.