పదకొండో షరతు

కాగితం నా చేతిలో పెట్టి
"మీరే చదవండి సార్, కళ్లజోడు తేలేదు" అన్నాడు
కాలేషా వాళ్ల నాయన.
కళ్లజోడు జేబులోనే ఉంది. నాకు కనపడతానే ఉంది.

బిట్రగుంట రైల్వే గ్రౌండు పక్కన
టీ బంకు బల్ల మీద కూచుని చదివాను.
పొద్దున అయిదింటికి లేవాలి. సరే.
రోజుకు రెండు గుడ్లు, అరలీటరు పాలు. సరే.
బూట్లు వాళ్లవి, బస్సు వాళ్లది,
దెబ్బ తగిలితే ఆసుపత్రి ఖర్చు వాళ్లది.
సరే, సరే.
పదకొండో షరతు కాడికొచ్చేసరికి టీ చల్లారింది:
"పాఠశాల జట్టు తరపున ఆడరాదు."

ఆడరాదు.
ఎంత శుభ్రమైన తెలుగు!
ఎవరింట్లోనూ ఎవరూ మాట్లాడని తెలుగు.

పదహారేళ్లుగా ఇక్కడ డ్రిల్లు మాస్టర్ని.
నా ఆస్తి ఒక ఈల, ఒక సున్నం డబ్బా,
మూడు బంతులు, అందులో ఒకటి గాలి నిలపదు.
నిజం చెప్పాలంటే వాడికి ఆట నేర్పింది నేను కాదు,
పాత లోకో షెడ్డు గోడ.
వాడు కొడతాడు, అది తిరిగిస్తుంది.
నేను నేర్పిందల్లా
"పక్కన ఇంకొకడున్నాడురా, చూడు" అని.

అకాడమీ వాళ్లది తప్పనలేను.
నాలుగేళ్ల కిందట పెంచల ప్రసాద్
ఈ గ్రౌండులోనే కంకర మీద జారాడు.
మోకాలు తిరిగిపోయింది.
తడిగుడ్డ కట్టాను, నాకొచ్చిన వైద్యం అదే.
ఇప్పుడు హైవే మీద డాబాలో ప్లేట్లు అందిస్తుంటాడు,
ఎడమకాలి మీదే బరువేసి.
నన్ను చూస్తే పెరుగు ఎక్కువ వేస్తాడు.
ఆ పెరుగు నాకు దిగదు.

"మీ గ్రౌండులో వాణ్ణి వదలడమంటే
గాజుసామాను సంతలో పరిచినట్టు సార్"
అన్నాడు కోచ్ ఫోన్లో.
ఔను.
ఆడితే కాలు అరుగుతుంది.
ఆడకపోతే ఏది అరుగుతుందో
పన్నెండో షరతు కింద రాసుంటే బాగుండేది.

"పెట్టేదా సార్ సంతకం?"
నా పెన్నే ఇచ్చాను.
జేబులో ఎర్రసిరాదే ఉంది.

కార్తీకంలో, తుపాను వాన వెలిసిన మర్నాడు
అల్లూరు వాళ్లతో మ్యాచి.
తొమ్మిదో నెంబరు చొక్కా
చెంచురాముడికి మోకాళ్ల దాకా వచ్చింది.
కాలేషా సెలవు మీదొచ్చి
గీత బయట నిలబడ్డాడు, సున్నం బూటుకంటకుండా.
వీపు మీద వాడి పేరు ఇంగ్లీషులో.

రెండుకి రెండు. పది నిమిషాలుంది.
బంతి గీత దాటి, మడుగులో మునిగి లేచి
దొర్లుకుంటా పోయి వాడి కాళ్ల కాడ ఆగింది.
వాడి కుడికాలు వెనక్కి పోయింది, అలవాటున.
అక్కడే ఆగిపోయింది.
చెరువులో కొంగ మాదిరి ఒంటికాలి మీద వాడు.
నా వైపు చూడలేదు.
వాళ్ల నాయన వైపు చూశాడు.
ఆయన ఇప్పుడు కళ్లజోడు పెట్టుకోనున్నాడు.

కాలు దించాడు. వంగాడు.
బంతిని రెండు చేతులతో ఎత్తి
చొక్కాకు తుడిచి చెంచురాముడికిచ్చాడు.
చేత్తో తాకితే తప్పు ఈ ఆటలో.
ఈల నా మెళ్లోనే ఉంది.
ఎవరి మీద ఊదను?

గెలిచాం.
అరుస్తా పరిగెత్తిన పిల్లలు
సగం మంది చెంచురాముడి మీద పడ్డారు,
సగం మంది గీత దాకా పోయి
ఏం చెయ్యాలో తెలియక నిలబడ్డారు.

చీకటి పడ్డాక సైకిలు మీద పోతుంటే
లోకో షెడ్డు వైపు నుంచి చప్పుడు.
ధబ్.
కాసేపాగి, ధబ్.
ఒట్టికాళ్లతో కొడితే వచ్చే చప్పుడు, నాకు తెలుసు.
గోడ ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు.

సైకిలు దిగి నిలబడ్డాను, మద్రాసు గూడ్సు పోయేదాకా.
ఎవరైనా అడిగితే
నాకేం వినపడలేదని రాసుకోండి.